డిలేడ్ న్యూట్రాన్లతో యురేనియం కొలత – 3వ పాఠం: అరవై, ఇరవై, అరవై

కిందటి రెండు పాఠాల్లో రియాక్టర్‌లోని ఇరేడియేషన్ గొట్టం, గాలి ఒత్తిడితో క్యాప్సూల్‌ను లోపలికీ బయటికీ తిప్పే 'రాబిట్', న్యూట్రాన్ కౌంటర్ – ఈ మూడింటినీ విడివిడిగా చూశాం. ఇప్పుడు వాటిని కలిపి, ఒక మట్టి నమూనాలో యురేనియం ఎంతుందో మొదటి నుంచి చివరిదాకా కొలుద్దాం. రియాక్టర్ అందుబాటులో లేనివాళ్లు కూడా కాగితం, క్యాలిక్యులేటర్ దగ్గర పెట్టుకుంటే లెక్కంతా చేసి చూసుకోవచ్చు.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. మనం యురేనియాన్ని కొలుస్తున్నాం అనుకుంటాం గానీ, కౌంటర్‌కు అందేది విచ్ఛిత్తుల (పరమాణు కేంద్రకం చీలడాల) లెక్క. థర్మల్ న్యూట్రాన్ (బాగా నెమ్మదించిన న్యూట్రాన్) తగిలితే విచ్ఛిత్తి అయ్యేది యురేనియం-235. సహజ యురేనియంలో దాని వాటా బరువు లెక్కన 0.711 శాతం. మిగతాదంతా దాదాపు యురేనియం-238. అది థర్మల్ న్యూట్రాన్‌ను మింగినా చీలదు. అంటే కౌంటర్ చూపిన అంకె పక్కన 'యురేనియం' అని రాసిన ప్రతిసారీ, నమూనాలోనూ స్టాండర్డ్‌లోనూ (యురేనియం ఎంతుందో ముందే తెలిసిన, పోల్చి చూసే పదార్థంలోనూ) 235 వాటా ఒకటేనని నమ్మి రాస్తున్నట్టే. ఈ పద్ధతిలో వచ్చే పెద్ద తప్పులు చాలావరకు అక్కడే పుడతాయి. చిన్న తప్పులు గడియారం దగ్గర పుడతాయి.

ఆరు గుంపుల్లో పనికొచ్చేవి రెండు

యురేనియం-235లో వంద విచ్ఛిత్తులు జరిగితే సుమారు 243 న్యూట్రాన్లు వస్తాయి. వాటిలో ఒకటిన్నర, మహా అయితే 1.6 మాత్రం ఆలస్యంగా వస్తాయి. ఇవే డిలేడ్ న్యూట్రాన్లు. రాబర్ట్స్, మేయర్, వాంగ్ వీటిని 1939లోనే గుర్తించారు. ఆలస్యానికి కారణం చీలిక ముక్కల్లో ఉంది. ఉదాహరణకు బ్రోమిన్-87 బీటా క్షయం చెంది క్రిప్టాన్-87 అవుతుంది. ఆ క్రిప్టాన్ కొన్నిసార్లు ఎంత శక్తితో పుడుతుందంటే, వెంటనే ఒక న్యూట్రాన్‌ను బయటికి నెట్టేస్తుంది. న్యూట్రాన్ రావడానికి క్షణం పట్టదు. బీటా క్షయానికే సమయం పడుతుంది. బ్రోమిన్-87 అర్ధాయువు 55 సెకన్ల పైచిలుకు, అయోడిన్-137ది సుమారు 24 సెకన్లు, బ్రోమిన్-88ది 16 సెకన్లు.

ఇలాంటివి చాలా ఉన్నా, 1957లో లాస్ అలమోస్‌లో కీపిన్ బృందం వాటిని ఆరు గుంపులుగా సర్దింది. మనం ఇప్పటికీ ఆ అంకెలతోనే లెక్క వేసుకోవచ్చు. థర్మల్ విచ్ఛిత్తికి అర్ధాయువు, వాటా వరసగా ఇవి:

1వ గుంపు: 55.7 సెకన్లు, 3.3 శాతం
2వ గుంపు: 22.7 సెకన్లు, 21.9 శాతం
3వ గుంపు: 6.2 సెకన్లు, 19.6 శాతం
4వ గుంపు: 2.3 సెకన్లు, 39.5 శాతం
5వ గుంపు: 0.61 సెకను, 11.5 శాతం
6వ గుంపు: 0.23 సెకను, 4.2 శాతం

మన కార్యక్రమం 60-20-60: అరవై సెకన్లు రియాక్టర్‌లో ఉంచడం, ఇరవై సెకన్లు ఆగడం, అరవై సెకన్లు లెక్కపెట్టడం. ఒక్కో గుంపుకూ నాలుగు అంకెల గుణకారం చేయాలి: వాటా, రియాక్టర్‌లో ఎంత పెరిగింది, ఆగినప్పుడు ఎంత మిగిలింది, లెక్కించే వేళ ఎంత దక్కింది. 2వ గుంపుతో చేసి చూద్దాం. క్షయ స్థిరాంకం 0.693 ÷ 22.7, అంటే సెకనుకు 0.0305. అరవై సెకన్లలో సంతృప్త స్థాయిలో (ఎంతసేపు ఉంచినా ఇక పెరగని గరిష్ఠంలో) 0.84కి చేరుతుంది. ఇరవై సెకన్లు ఆగితే అందులో 0.543 మిగులుతుంది. లెక్కించే అరవై సెకన్లకు వచ్చే విలువ 0.84 ÷ 0.0305, అంటే 27.5 సెకన్లు. అన్నింటినీ గుణిస్తే 0.219 × 0.84 × 0.543 × 27.5 = 2.75 సెకన్లు.

ఇదే తీరున 1వ గుంపుకు 0.57, 3వ గుంపుకు 0.19 వస్తాయి. 4వ గుంపు వాటా పేరుకే 39.5 శాతం; లెక్క చివర 0.003 దగ్గర ఆగిపోతుంది. 5, 6 గుంపులు క్యాప్సూల్ కౌంటర్ చేరేలోపే కరిగిపోతాయి. మొత్తం 3.51 సెకన్లు. అందులో 78 శాతం 2వ గుంపుదే, 16 శాతం 1వ గుంపుది. మనం లెక్కపెట్టేవి ముఖ్యంగా అయోడిన్-137, బ్రోమిన్-88, బ్రోమిన్-87 వదిలే న్యూట్రాన్లేనన్నమాట.

ఇప్పుడు ఒక మైక్రోగ్రాము సహజ యురేనియానికి ఎన్ని కౌంట్లు రావాలో చూద్దాం. అందులో 235 పరమాణువులు 1.82 × 10¹³. థర్మల్ ఫ్లక్స్ 10¹² అనుకుందాం (చదరపు సెంటీమీటరుకు, సెకనుకు వచ్చే థర్మల్ న్యూట్రాన్లు). విచ్ఛిత్తి క్రాస్ సెక్షన్, అంటే విచ్ఛిత్తి జరిగే అవకాశానికి కొలత, 585 బార్న్‌లు (ఒక బార్న్ 10⁻²⁴ చదరపు సెంటీమీటరు). గుణిస్తే సెకనుకు సుమారు 10,700 విచ్ఛిత్తులు. విచ్ఛిత్తికి 0.0158 డిలేడ్ న్యూట్రాన్ల చొప్పున, 3.51 సెకన్లతో గుణిస్తే 592 న్యూట్రాన్లు. కౌంటర్ సామర్థ్యం 30 శాతం అయితే 178 కౌంట్లు. ఈ 178ని పక్కన రాసిపెట్టుకోండి. మీ పరికరం మీద స్టాండర్డ్ పెట్టినప్పుడు ఇలా వేసుకున్న అంచనాలో సగమో రెట్టింపో వస్తే, ఎక్కడో ఏదో పొరపాటు జరిగినట్టే. బహుశా ఫ్లక్స్ విలువ పాతదై ఉంటుంది, లేదా కౌంటర్‌లోని ఒక న్యూట్రాన్ ట్యూబు చచ్చిపోయి ఉంటుంది.

ఇరవై సెకన్లు ఎందుకు ఆగాలి

పది సెకన్లే ఆగితే మొత్తం 5.02 సెకన్లు దక్కుతుంది. ఇరవై ఆగడం వల్ల 30 శాతం కౌంట్లు చేతులారా వదులుకుంటున్నాం. దానికి కారణం ఆక్సిజన్. మట్టిలో, రాతిలో బరువులో దాదాపు సగం అదే. అందులో కొద్దిపాటిగా ఉండే ఆక్సిజన్-17ను వేగమైన న్యూట్రాన్ తాకితే నైట్రోజన్-17 పుడుతుంది. ఇది కూడా బీటా క్షయం తర్వాత న్యూట్రాన్ వదిలేదే, అర్ధాయువు 4.17 సెకన్లు. కౌంటర్‌కు ఆ న్యూట్రాన్ ఏదో, యురేనియం న్యూట్రాన్ ఏదో తెలియదు. పది సెకన్లలో నైట్రోజన్-17 ఐదో వంతుకు దిగుతుంది. ఇరవై సెకన్లలో వందకు నాలుగు కూడా మిగలవు. దీని పుట్టుకకు సుమారు 8 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు దాటిన న్యూట్రాన్లు కావాలి. అందువల్ల కోర్‌కు దూరంగా, బాగా నెమ్మదించిన న్యూట్రాన్లుండే గొట్టమైతే ఈ బాధ తక్కువ. అలాంటి చోట పది సెకన్లతో పని జరుగుతుంది.

గడియారం విషయంలో అందరూ రియాక్టర్‌లో ఉంచే అరవై సెకన్ల మీదే కన్నేసి ఉంచుతారు. లెక్క చూస్తే వ్యవహారం తిరగబడుతుంది. ఇరేడియేషన్‌లో ఒక సెకను తేడా వస్తే ఫలితం 0.6 శాతం మారుతుంది. ఆగే సమయంలో ఒక సెకను తేడా వస్తే 3.2 శాతం మారుతుంది. క్యాప్సూల్ గొట్టం మలుపులో అర సెకను తట్టుకుని వచ్చిందంటే 1.6 శాతం పోయినట్టే. కాబట్టి 'ఆగడం' అనేది క్యాప్సూల్ కోర్ వదిలిన క్షణం నుంచి మొదలవ్వాలి, కౌంటింగ్ కంప్యూటర్ గడియారం మీద మొదలవ్వాలి. కౌంటర్ దగ్గర ఆప్టికల్ సెన్సార్ పెట్టి, చేరిన సమయాన్ని ప్రతి శాంపిల్‌కూ ఫైల్లో రాయించండి. ప్రయాణం రెండు సెకన్లు పట్టినా మూడు పట్టినా, లెక్కించడం సరిగ్గా ఇరవయ్యో సెకనుకే మొదలైతే ఏ తేడా రాదు. బటన్ మీద వేలు పెట్టి చేత్తో నొక్కే అలవాటు మాత్రం మానుకోవాలి.

శాంపిల్

మట్టిని 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, 75 మైక్రాన్ల జల్లెడ దిగేలా నూరండి. యురేనియం ఒక్కోసారి జిర్కాన్ లాంటి చిన్న గింజల్లో గుమిగూడి ఉంటుంది. సరిగా నూరకపోతే ఒకే సంచిలోంచి తీసిన రెండు గ్రాములు రెండు రకాల ఫలితాలిస్తాయి, మీరేమో కౌంటర్‌ను తిట్టుకుంటారు. పాలిథీన్ వయల్‌లో తూచి పోయండి, తట్టి సర్దండి. అన్ని వయల్స్‌లోనూ పొడి ఒకే ఎత్తులో ఉండాలి. స్టాండర్డ్ తక్కువ బరువైతే దానికి శుద్ధమైన సిలికా పొడి కలిపి అదే ఎత్తుకు తీసుకురండి. కారణం, ఇరేడియేషన్ గొట్టంలో కింద నుంచి పైకి ఫ్లక్స్ మారుతుంది.

మూతను వేడితో అతికించి, వయల్ బయటివైపు ఆల్కహాల్‌తో తుడిచి, రెండో క్యాప్సూల్‌లో పెట్టండి. తుడిచాక కొత్త గ్లవ్స్ వేసుకోండి. గ్లవ్ మీదున్న ఖనిజపు ధూళి వయల్ బయట అంటుకుంటే అదీ లెక్కలోకి వస్తుంది, పైగా రాబిట్ గొట్టం లోపల రాలుతుంది. గొట్టం ఒకసారి మురికైతే ఆ తర్వాత వచ్చే ప్రతి బ్లాంకూ (నమూనా వేయని ఖాళీ వయల్) ఎక్కువ చూపిస్తుంది. శుభ్రం చేయడం పెద్ద పని. వాడిన పాలిథీన్ వయల్‌ను పదేపదే ఇరేడియేట్ చేయొద్దు. రేడియేషన్‌కు అది పెళుసెక్కి, మలుపులో తగిలితే పగులుతుంది. నీటి శాంపిల్స్‌లో వాయువు పుట్టి మూత లేస్తుంది కాబట్టి వయల్ నిండా పోయకుండా కాస్త ఖాళీ వదలాలి.

అదే శాంపిల్‌ను మళ్లీ కొలవాలంటే కనీసం పది నిమిషాలు ఆగండి. అప్పటికి 55 సెకన్ల గుంపు కూడా వెయ్యోవంతు కంటే తక్కువకు దిగిపోతుంది.

పది కోట్ల గామాల్లో డెబ్బై న్యూట్రాన్లు

కౌంటర్ ముందున్న పని ఎంత కష్టమో ఒక్క లెక్కతో తెలుస్తుంది. ఒక గ్రాము మట్టిలో 8 శాతం అల్యూమినియం ఉందనుకోండి. 10¹² ఫ్లక్స్‌లో అరవై సెకన్లకు పుట్టిన అల్యూమినియం-28, ఇరవై సెకన్లు ఆగాక కూడా సెకనుకు సుమారు పది కోట్ల గామాలు వదులుతుంది. ఒక్కోటి 1.78 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు. అదే మట్టిలో 3 మైక్రోగ్రాముల యురేనియం ఉంటే ఆ క్షణాన వచ్చే డిలేడ్ న్యూట్రాన్లు సెకనుకు డెబ్బైకి లోపే.

అందుకే శాంపిల్ గుంట చుట్టూ మొదట ఐదు సెంటీమీటర్ల సీసం ఉంటుంది. సీసం గామాలను పదో వంతుకు దగ్గరగా తగ్గిస్తుంది, న్యూట్రాన్లను దాదాపు వదిలేస్తుంది. దాని చుట్టూ పాలిథీన్ దిమ్మె, అందులో వలయంగా హీలియం-3 ట్యూబులు లేదా బోరాన్ ట్రైఫ్లోరైడ్ ట్యూబులు. డిలేడ్ న్యూట్రాన్ల సగటు శక్తి కొన్ని వందల కిలో ఎలక్ట్రాన్ వోల్టులే కాబట్టి వాటిని నెమ్మదింపజేయడానికి నాలుగైదు సెంటీమీటర్ల పాలిథీన్ చాలు. అన్నిటికీ బయట ఒక మిల్లీమీటరు కాడ్మియం రేకు, ఆ పైన బోరాన్ కలిపిన పాలిథీన్ వేస్తే రియాక్టర్ హాలులో తిరిగే న్యూట్రాన్లు లోపలికి రావు.

హీలియం-3 ట్యూబులో న్యూట్రాన్ ఒక్కోటి 764 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల పల్స్ ఇస్తుంది. గోడ తగిలి కొంత శక్తి పోయినా 191కి దిగువకు రాదు. గామా పల్స్‌లు అంతకన్నా చిన్నవి. డిస్క్రిమినేటర్‌ను, అంటే ఒక హద్దుకన్నా చిన్న పల్స్‌లను వదిలేసే మీటను, 191కి కాస్త దిగువన, గామాల గుట్టకు ఎగువన పెట్టాలి. చిక్కల్లా గామాలు మరీ ఎక్కువై రెండు మూడు చిన్న పల్స్‌లు ఒకదానిమీద ఒకటి పడినప్పుడు వస్తుంది. కలిసిన పల్స్ న్యూట్రాన్‌లా కనిపిస్తుంది. బోరాన్ ట్రైఫ్లోరైడ్ పల్స్ ఇంకా పెద్దది, 2.3 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు. గామాల మధ్య అది నిబ్బరంగా నిలుస్తుంది, కాకపోతే సామర్థ్యం తక్కువ.

పరీక్ష ఇలా చేయండి. చిన్న కాలిఫోర్నియం-252 సోర్స్‌ను గుంటలో పెట్టి ఐదు నిమిషాలు లెక్కించండి. దాని పక్కనే గట్టి సీజియం-137 గామా సోర్స్ పెట్టి మళ్లీ లెక్కించండి. రెండు అంకెలూ ఒకటిగా ఉండాలి. రెండోది పెరిగిందంటే డిస్క్రిమినేటర్ కిందికి ఉంది, లేదా హై వోల్టేజీ ఎక్కువైంది. అమెరీషియం-బెరీలియం సోర్స్‌తో సామర్థ్యం కొలిచి దాన్నే వాడేద్దామని మాత్రం అనుకోవద్దు. దాని న్యూట్రాన్లు డిలేడ్ న్యూట్రాన్ల కంటే ఎంతో వేగమైనవి. కౌంటర్ ఎలా నిలకడగా ఉందో రోజూ చూసుకోవడానికి అది చాలు, అంతే.

కొలత

స్టాండర్డ్‌గా ఐఏఈఏ (అంతర్జాతీయ అణుశక్తి సంస్థ) వారి ఆర్‌జీయూ-1 పొడి తీసుకుందాం. గ్రాముకు 400 మైక్రోగ్రాముల యురేనియం ఉంటుంది. ఖనిజాన్ని సిలికాలో కలిపి చేసింది కాబట్టి 235 వాటా సహజమైనదే. 0.250 గ్రాము తూస్తే 100 మైక్రోగ్రాములు. వరస ఇలా ఉండాలి: బ్లాంక్, స్టాండర్డ్, ఎనిమిది నమూనాలు, మళ్లీ స్టాండర్డ్. రెండు స్టాండర్డ్‌ల మధ్య ఒక శాతం కంటే ఎక్కువ తేడా కనిపిస్తే ఫ్లక్స్ జరిగిందని అర్థం. కంట్రోల్ రాడ్ కదిలినా, కోర్ వేడెక్కినా ఇది జరుగుతుంది.

ఉదాహరణకు వచ్చిన అంకెలు ఇవీ అనుకోండి: బ్లాంక్ 25, స్టాండర్డ్ 17,425, నమూనా (0.820 గ్రాము) 459. స్టాండర్డ్‌లోంచి బ్లాంక్ తీస్తే 17,400, అంటే మైక్రోగ్రాముకు 174 కౌంట్లు. నమూనాలో 434 ÷ 174 = 2.49 మైక్రోగ్రాములు, గ్రాముకు 3.04. దీని అనిశ్చితి √(459 + 25) = 22 కౌంట్లు, అంటే 5 శాతం. 3.04 ± 0.15 అని రాయండి. బ్లాంక్ 25 అయినప్పుడు క్యూరీ (Currie) సూత్రం ప్రకారం గుర్తించగల కనీసం 2.71 + 4.65 × √25, అంటే 26 కౌంట్లు; 0.15 మైక్రోగ్రాము. బ్లాంక్‌లను కనీసం పది కొలిచి చూడాలి. వాటి చెల్లాచెదురు √25 కంటే బాగా ఎక్కువగా ఉంటే, వయల్స్ ప్లాస్టిక్‌లోనో గొట్టంలోనో యురేనియం ఉందని అనుమానించాలి.

ఎక్కువ యురేనియం ఉన్న నమూనాలకు డెడ్ టైమ్ (ఒక పల్స్ తర్వాత కౌంటర్ ఇంకోదాన్ని చూడలేని క్షణం) సవరణ కావాలి. సగటు రేటు తీసుకుని సవరిస్తే తక్కువ సవరించినట్టే. మొదటి సెకను రేటు సగటుకు 2.3 రెట్లు ఉంటుంది మరి. కౌంట్లను ఒక్కో సెకనుగా విడగొట్టి నమోదు చేసి, ఒక్కో సెకనుకూ విడిగా సవరించి కూడండి.

2.4

సెకన్లవారీగా నమోదు చేసినందుకు ఇంకో లాభం ఉంది. మొదటి ముప్పై సెకన్ల కౌంట్లను రెండో ముప్పై సెకన్ల కౌంట్లతో భాగించండి, బ్లాంక్ తీసేశాక. స్వచ్ఛంగా యురేనియం-235 అయితే 60-20-60లో ఈ నిష్పత్తి 2.43 రావాలి. నైట్రోజన్-17 కలిస్తే పెరుగుతుంది. అల్యూమినియం-28 గామాలు పల్స్‌లుగా చొరబడితే తగ్గుతుంది, ఎందుకంటే దాని సొంత నిష్పత్తి 1.17. నమూనాలో బెరీలియం ఉన్నా ఇలాగే తగ్గుతుంది: 1.67 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు దాటిన గామా బెరీలియంలోంచి న్యూట్రాన్‌ను ఊడగొడుతుంది, అల్యూమినియం-28 గామా దానికి సరిగ్గా సరిపోతుంది. బెరిల్ అనే బెరీలియం ఖనిజం ఉన్న పెగ్మటైట్ రాళ్లలో ఈ ఉచ్చు పొంచి ఉంటుంది. ఏ నమూనా ఫలితాన్నీ ఈ నిష్పత్తి చూడకుండా బయటికి పంపకూడదు. కౌంట్లు కొద్దిగా ఉంటే నిష్పత్తి కూడా ఊగుతుంది: పైనున్న నమూనాలో దాదాపు పది శాతం అటూ ఇటూ సహజమే.

స్టాండర్డే మోసం చేస్తే

సీసాలో అమ్మే యురనైల్ నైట్రేట్, యురనైల్ అసిటేట్ చాలాసార్లు 235 తీసేసిన యురేనియంతో చేసినవే. లేబుల్ మీద శుద్ధత 99 శాతమని ఉంటుంది, అది అబద్ధమూ కాదు. రసాయనం అంతే శుద్ధంగా ఉంటుంది, కానీ 235 వాటా 0.2 శాతమే ఉండవచ్చు. దాన్ని కరిగించి స్టాండర్డ్ చేస్తే మైక్రోగ్రాముకు కౌంట్లు తక్కువ వస్తాయి, మీ మట్టి నమూనాలన్నీ మూడున్నర రెట్లు ఎక్కువ యురేనియం చూపిస్తాయి. టైట్రేషన్‌తో సరిచూసినా దొరకదు, ఎందుకంటే యురేనియం మొత్తం సరిగ్గానే ఉంది. ఐసోటోపుల వాటా ధ్రువీకరించిన స్టాండర్డే వాడాలి.

బోరాన్, లిథియం, కాడ్మియం, గాడోలినియం ఉన్న నమూనాలు న్యూట్రాన్లను పైపొరలోనే మింగేసి లోపలి యురేనియాన్ని ఆకలితో ఉంచుతాయి. అనుమానం వస్తే అదే నమూనాను 0.25 గ్రాము, 1 గ్రాము తీసుకుని రెండుసార్లు కొలవండి, ఎత్తు సిలికాతో సరిచేసి. గ్రాముకు వచ్చిన ఫలితం పెద్ద బరువులో తక్కువైతే మింగుడు ఉన్నట్టే. సిలికాలో ఇంకా పలచన చేయండి, లేదా తెలిసిన యురేనియం ద్రావణం కొంచెం కలిపి కౌంట్లు ఎంత పెరిగాయో చూసి లెక్క కట్టండి.

థోరియం వేగమైన న్యూట్రాన్లకే చీలుతుంది, కానీ చీలినప్పుడు యురేనియం-235 కంటే మూడు రెట్లు డిలేడ్ న్యూట్రాన్లిస్తుంది. మీ గొట్టంలో దాని ప్రభావం తెలుసుకోవడానికి ఐఏఈఏ వారిదే ఆర్‌జీటీహెచ్-1 పొడి కొలవండి: గ్రాముకు 800 మైక్రోగ్రాముల థోరియం, 6.3 మైక్రోగ్రాముల యురేనియం. గ్రాముకు 10.3 యురేనియం అని కౌంటర్ చూపిందనుకోండి, 6.3 తీసేస్తే 4.0, దాన్ని 800తో భాగిస్తే 0.005. మన మట్టిలో గ్రాముకు 12 మైక్రోగ్రాముల థోరియం ఉంటే తీసేయాల్సింది 0.06 మాత్రమే. థోరియం ఎక్కువగా ఉండే మోనజైట్ ఇసుకలో మాత్రం ఇదే సవరణ చాలా పెద్దదవుతుంది. దానికి వచ్చే పాఠంలోని కాడ్మియం తొడుగు పద్ధతి కావాలి. నమూనాలో ప్లుటోనియం-239 ఉంటే గ్రాముకు గ్రాము లెక్కన యురేనియం-235లో సగం సంకేతం ఇస్తుంది. గుంపుల వాటాలు దగ్గరదగ్గరగా ఉండటంతో నిష్పత్తి చూసి విడదీయడం దాదాపు కుదరదు.

చేసి చూడండి

1. బ్లాంక్ తీసేశాక ఒక నమూనాలో మొదటి ముప్పై సెకన్లకు 400, రెండో ముప్పై సెకన్లకు 289 కౌంట్లు వచ్చాయి. నిష్పత్తి ఎంత? డిస్క్రిమినేటర్‌ను అనుమానించాలా, రాయిలోని ఖనిజాన్నా? ఏ పరీక్షతో తేలుస్తారు?

2. లెక్కించడం ఇరవై బదులు 21.5 సెకన్లకు మొదలైంది. ఫలితం ఎంత శాతం తగ్గింది? రియాక్టర్‌లో అదనంగా ఎన్ని సెకన్లు ఉంచితే ఆ లోటు పూడుతుంది? అలా పూడ్చడం సరైనదేనా?

3. ఆరు గుంపుల అంకెలతో 60-10-60 కార్యక్రమానికి మొదటి, రెండో ముప్పై సెకన్ల నిష్పత్తి కట్టండి. అది 2.43 కంటే ఎక్కువే రావాలి. తక్కువ వస్తే 3, 4 గుంపుల లెక్క మళ్లీ చూసుకోండి.

జవాబులు 4వ పాఠం మొదట్లో ఉంటాయి. ఆ పాఠంలో కాడ్మియం తొడుగుతో ఒకసారి, తొడుగు లేకుండా ఒకసారి కొలిచి యురేనియాన్నీ థోరియాన్నీ విడదీస్తాం. మోనజైట్ లెక్కకు రెండు సమీకరణాలు కావాలి, మాత్రికలు మరిచిపోయినవాళ్లు ఈలోగా ఒకసారి తిరగేయండి.